తాటాకు టోపీ, పది హిందీ వాక్యాలు

"కృపావరంజీ, టోపీ!"

రత్నకుమారి ఈ మాట అనడం ఆ సాయంత్రానికి నాలుగోసారి. కృపావరం తల వంచాడు. తాటాకు టోపీ వచ్చి నెత్తిన కూర్చుంది.

ముప్ఫయ్యారు నాటి వానాకాలం. హిందీ నేర్చుకుంటే దేశసేవ అని ఊరూరా క్లాసులు పెడుతున్న రోజులు. ఏలూరులో వరదానం మేష్టారి అరుగు మీద ఆయన కూతురు రత్నకుమారి వారానికి మూడు సాయంత్రాలు పాఠం చెప్పేది. ఆ గంటసేపూ తెలుగు వినబడకూడదు. నోరు జారినవాళ్లు టోపీ పెట్టుకోవాలి. ఇంకొకరు జారేదాకా తియ్యకూడదు. హిందీ బొత్తిగా రాని మేష్టారికి మాత్రం మినహాయింపు.

కృపావరం కొల్లేటి పక్క ఊరివాడు, మిషను బడిలో లెక్కలు చెబుతాడు. దేశసేవకే వచ్చానని అందరికీ చెప్పేవాడు. ఆ దేశం ఎర్ర అంచు చీర కట్టుకుని ఎదురుగా నిలబడి ఉంటుందని మాత్రం చెప్పేవాడు కాదు.

వాక్యమంతా హిందీలో చక్కగా చెప్పి, చివర "అండీ" తగిలించడం అతని జబ్బు. ఏం చేస్తాడు పాపం? వాళ్లమ్మ కనకమ్మ దారికడ్డొచ్చిన గేదెను కూడా "కాస్త తప్పుకోండమ్మా" అనే మనిషి. అండీ లేకుండా మాట్లాడితే అతనికి చొక్కా లేకుండా బజారుకెళ్లినట్టుండేది. రాతపని మరీ అన్యాయం. పది వాక్యాలు రాసుకొస్తే ఆమె ఎర్రపెన్సిలు పడి కాగితం గోరింటాకు పెట్టుకున్నట్టయ్యేది. ఆ కాగితాలన్నీ ట్రంకుపెట్టెలో దాచుకున్నాడు. తన తప్పులు తానే భద్రపరుచుకున్న లెక్కల మేష్టారు లోకంలో అతనొక్కడే అయ్యుంటాడు.

గురువారం క్లాసు అయ్యాక తోటి విద్యార్థి, తపాలా గుమస్తా మాణిక్యం అతని చెవిలో ఊదాడు. "తెలిసిందా అండీ? ఆదివారం ఆరాధన అయ్యాక జంగారెడ్డిగూడెం వాళ్లు మన పంతులమ్మగార్ని చూసుకోడానికి వస్తున్నారంట. ఎల్లుండితో క్లాసులు ఆఖరంట."

మర్నాడు బజారులో రత్నకుమారి ఎదురైంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ లేదనుకున్నాడు కృపావరం.

"ఏవండీ... అదేనండీ... మరేమోనండీ..."

"చెప్పండి."

"వానొచ్చేలా ఉందండీ."

ఆమె ఒక్క క్షణం ఆగి చూసింది. "గొడుగుందండీ," అని వెళ్లిపోయింది.

"ఓరి చవటా!" అని తనను తానే తిట్టుకున్నాడు కృపావరం. తెలుగులో దాక్కోవడానికి అతనికి బోలెడన్ని అండీలున్నాయి. హిందీలో అయితే సిగ్గుపడటానికి కావలసిన మాటలు ఇంకా రాలేదు. శనివారం ఆటేమిటో ఆమె ముందే చెప్పింది: ఒక్కొక్కరూ మేష్టారింటికి కొత్తగా వచ్చినట్టు నటించి, ఆయన్ని ఏదో ఒకటి హిందీలో అడగాలి. జవాబుగా "సరే" అనడానికి మేష్టారికి "అచ్ఛా", "బహుత్ అచ్ఛా" నేర్పింది. కృపావరం ఇంటికెళ్లి ఏడు కాగితాలు చింపి పది వాక్యాలు రాశాడు.

శనివారం కుండపోత. వస్తూనే "నమస్తే అండీ" అన్నాడు, నెత్తిన టోపీ పడింది. మాణిక్యం లేచి గొడుగు అడిగాడు. "అచ్ఛా!" అన్నారు మేష్టారు దర్జాగా. తరవాత కృపావరం వంతు. జేబులో కాగితం తడిసి సిరా అంతా కారిపోయింది. ఇక నోటికొచ్చిందే దిక్కు.

"అయ్యా, మాది కొల్లేటి పక్క పల్లె. లెక్కలు చెబుతాను. లెక్కల్లో తప్ప అన్నిట్లోనూ తప్పులే చేస్తాను," అని హిందీలో మొదలెట్టాడు. "మీ అమ్మాయంటే నాకు ప్రాణం. ఆమెను నాకిచ్చి పెళ్లి చెయ్యమని అడగడానికి వచ్చాను."

ఒక్క అండీ కూడా పడలేదు.

"అచ్ఛా! బహుత్ అచ్ఛా!" అన్నారు మేష్టారు.

మాణిక్యం చేతిలో పలక జారిపోయింది. అరుగంతా చూరునీళ్ల చప్పుడే. మేష్టారు అందరి మొహాలూ చూసి, "ఏమడిగారమ్మా ఈయన? ఈయనకీ గొడుగేనా?" అన్నారు.

కృపావరం రత్నకుమారి వైపు చూశాడు. ఆమె తలూపేస్తే ఆట ఆటగానే పోతుంది, రేపు జంగారెడ్డిగూడెం వాళ్లు దిగుతారు. ఉన్నది చెప్పాలంటే తండ్రికి తెలుగులోనే చెప్పాలి. మూడు నెలల్లో ఆ గంటలో ఆమె నోట ఒక్క తెలుగు ముక్క రాలేదు.

రత్నకుమారి నడిచి వచ్చి, అతని నెత్తిమీది టోపీ తీసి తన తల మీద పెట్టుకుంది.

"గొడుగు కాదు నాన్నా, నన్నడిగారు," అంది. "మీరు అచ్ఛా అనేశారు. నాకూ ఇష్టమే. నిన్న బజారులో అడుగుతారేమోనని ఆగాను కూడా. వాన సంగతి చెప్పారు."

మేష్టారు కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, కృపావరాన్ని ఎగాదిగా చూశారు.

"జంగారెడ్డిగూడెం వాళ్లకి నేనింకా మాటివ్వలేదు. ఈయనకి ఇచ్చేశాను. ఏ భాషలో ఇస్తేనేం, మాట మాటే. మీ అమ్మగార్ని ఓసారి రమ్మనండి బాబూ."

కృపావరానికి కాళ్లు నేలమీద ఆనలేదు. మూడు నెలల చదువంతా కూడగట్టుకుని, "ధన్యవాద్ అండీ!" అన్నాడు.

రత్నకుమారి నవ్వు ఆపుకుంటూ టోపీ తీసి తిరిగి అతని నెత్తిన పెట్టింది. ఈసారి కాస్త సరిచేసి మరీ పెట్టింది.