వెనకగదిలోంచి పోనన్న ఆల్బమ్

మా బావగారి ఫోటో స్టూడియోలో వెనకగది ఒకటుంది. చీకటి పడ్డాక పనివాళ్లెవరూ అందులో కాలు పెట్టరు. పెట్టమంటే జీతం వద్దంటారు గానీ పెట్టరు!

ఎందుకంటారా? బావగారి మొదటి భార్య బతికున్నన్నాళ్లూ ఫోటోలు దిద్దే పనంతా ఆ గదిలోనే చేసేది. జబ్బుచేసి ఆవిడ పోయింది. గది మాత్రం ఖాళీ కాలేదట... రాత్రిళ్లు లోపల గుర్రుమని చప్పుడు, తలుపు సందులో పచ్చటి వెలుగు మినుకు మినుకు...

"అది మిషనయ్యా! పాత ఫోటోలన్నీ దాచే బ్యాకప్ సర్వర్. దానికి నిద్రుండదు," అంటారు బావగారు.

సరే, మిషనే. కానీ ఆ రాత్రి మా చెల్లెలికి జరిగింది వినండి. చెల్లెలంటే మా పిన్ని కూతురు, బావగారి రెండో భార్య. అదే స్వయంగా నాతో చెప్పింది. నేను కలిపింది ఏమీ లేదు. ఉన్నా... ఒకటో రెండో ముక్కలు.

సర్వర్ నిండిపోయింది. కొత్త ఫోటోలకు చోటు లేదు. "పాతవి కాస్త తీసేయి," అని చెల్లిని వెనకగదిలో కూర్చోబెట్టి బావగారు మేడమీదికెళ్లి పడుకున్నారు. ఎవరెవరివో పుట్టినరోజులు, ఆఫీసు పార్టీలు బోలెడున్నాయి. వాటితో మొదలుపెట్టొచ్చుగా? అబ్బే! చెల్లి చెయ్యి నేరుగా మొదటి భార్య, ఆ పెద్దావిడ పెళ్లి ఆల్బమ్ మీదికే పోయింది.

పోదూ మరి! కాపురానికొచ్చిన రోజు నుంచీ ఒకటే పాట. పెద్దావిడ దిద్దితే ముఖాలు వెలిగిపోయేవట, పెద్దావిడ ఒక్కనాడు గొంతెత్తి ఎరగదట. బతికున్న సవతి అయితే జుట్టూ జుట్టూ పట్టుకోవచ్చు. చచ్చిపోయి మంచిదైపోయిన దానితో ఎలా పోట్లాడడం? దాన్ని ఆ ఇంట్లోంచి ఆనవాలు లేకుండా తుడిచేయాలి. చెల్లికి కావలసింది అదొక్కటే.

డిలీట్ నొక్కింది.

పని ఎంతైందో చూపించే గీత స్క్రీన్ మీద కదిలింది... రవ్వంత. ఆగింది. మిషన్ లోపల కిర్రు... కిర్రు... మళ్లీ రవ్వంత. చోటు మాత్రం పిసరు కూడా పెరగలేదు.

ఆపి మళ్లీ మొదలెట్టింది. పక్కన వేరే పనులేమైనా నడుస్తున్నాయేమోనని అన్నీ ఆపేసింది. ఊహూఁ. చూద్దామని ఒక ఆఫీసు పార్టీని తీసేయమంటే అది చిటికెలో మాయం! పెద్దావిడ ఒక్కతే... కదలనంటోంది.

మెడ వెనక చల్లగా ఏదో తగిలింది...

గభాలున తిరిగింది. ఏసీ గాలి.

"పోవే," అంది చెల్లి గొంతు తగ్గించి. "ఇంకా ఎన్నాళ్లే?"

కిర్రు... కిర్రు...

ఇక లాభం లేదని మిషన్ అమ్మినాయనకి ఫోన్ కొట్టింది. ఆయనదీ గుసగుసే. "పిల్ల ఇప్పుడే పడుకుందమ్మా, మెల్లగా మాట్లాడతా."

"ఇదొక్కటే ఎందుకు పోవట్లేదండీ?"

"ఒకే ఫోటో, ఫోటోలో ముక్కైనా సరే, రెండు ఆల్బముల్లో ఉంటే ఆ మిషన్ రెండుసార్లు దాచదమ్మా. ఒక్కటే దాచి, ఇద్దరిదీ అని గుర్తు పెట్టుకుంటుంది. అలాంటివి తీసేయమంటే ప్రతిదాని దగ్గరా ఆగి, ఇది ఇంకెవరికైనా కావాలేమోనని వెతుకుతుంది. అందుకే ఆ నత్తనడక."

"దాని పెళ్లి ఇంకెవరికి కావాలి?"

"ఫోటో మీద నొక్కండి, పేరు చూపిస్తుంది."

నొక్కింది...

తన పేరు! తన పెళ్లి ఆల్బమ్!

బావగారి బద్ధకం చూశారా — రెండో పెళ్లి ఆల్బమ్ చెయ్యమంటే మొదటిదే తిప్పి కుట్టారు! అదే వెనక పరదా, అవే అంచులు, అవే పూలు. ముఖాలు మార్చారంతే. చెల్లి పళ్లు కొరుకుతూ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. పరదా... సరే. అంచులు... సరే...

చివర్న ఒక ఫోటో. ముఖం లేదు. పూలగుత్తి పట్టుకున్న రెండు చేతులు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెల్లి దీన్నే టీవీలో వేసి మరీ చూపించేది — "నా చేతులు ఎంత బాగా పడ్డాయో చూశారా?" అని.

అదీ పాతదే.

"ఏమండీ!"

ఆ కేకకి బావగారు పరుగున మెట్లు దిగొచ్చారు.

"ఇవి ఎవరి చేతులు?"

ఆయన స్క్రీన్ వైపు చూశారు. చూస్తూనే ఉండిపోయారు — అదిగో, అదే చెల్లికి గుచ్చుకుంది.

"నీవి మసకగా వచ్చాయి... ఏదో ఒకటి పెట్టాలి కదా అని..."

చెల్లి ఫోన్ ఇంకా పెట్టేయలేదు. ఫోన్లోనే అడిగింది. "రెండు ఆల్బములూ కలిపి తీసేస్తే?"

"అప్పుడు అడ్డేముంది, ఇట్టే పోతాయి. కానీ అమ్మా, మీ దగ్గర ఇంకో కాపీ..."

లేదు. స్టూడియో వాళ్లింట్లో ప్రింటు వేయించుకున్న ఆల్బమ్ ఎక్కడైనా చూశారా మీరు?

చెల్లి రెండూ ఎంచింది. నొక్కింది.

చిటికెలో... రెండు పెళ్లిళ్లూ లేవు. కిర్రుమనే చప్పుడు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో బావగారి నోట్లోంచి ఒక్క మాట జారింది — "అయ్యో!"

ఏ పెళ్లికి అన్నారో చెల్లి ఆ రాత్రి నుంచీ అడుగుతూనే ఉంది. ఆయన ఇంతవరకూ నోరు విప్పలేదు.