బుడగ మీద నురగ

స్నానాలగదిలో ‘ఠప్’మని పేలిన చప్పుడుకు వంటింట్లో అమ్మ చేతిలోని గరిటె జారిపోయింది.

“మళ్ళీ పేలిందా?” హాల్లోంచి నాన్న గొంతు. బుగ్గ వాచి మాట ముద్దగా వచ్చింది గానీ వెటకారం మాత్రం చెక్కుచెదరలేదు.

కూతురు ముఖమంతా నురగతో బయటికి వచ్చింది. ఊదిన రబ్బరు బుడగకు నురగ పూసి, అది పేలకుండా కత్తితో గీకుతూ గడ్డం గీయడం నేర్చుకుంటోంది. కుర్రతనంలో నాన్న కూడా అలాగే నేర్చుకున్నాడు. వీధి చివర ఆయన సెలూన్‌లో రెండు కుర్చీలున్నాయి. రెండోది ఎప్పుడూ ఖాళీయే. దాని వెనక నిలబడి పని చేయాలని ఆమె కోరిక.

“బుడగ పేలితే ఇంకోటి ఊదుకుంటావు. మనిషి గొంతు తెగితే ఏం ఊదుతావే?”

“నిన్నంతా ఒక్కటీ పేలలేదు. అది మాత్రం నీ లెక్కలోకి రాదు!”

“రాదు. నా కుర్చీల జోలికి రాకు. అంతే!”

‘అంతే’ అనగానే దవడ కలుక్కుమంది. జ్ఞానదంతం అడ్డంగా మొలిచింది, ఇవాళే తీయించుకోవాలి. మత్తు అవసరం కావచ్చు, ఇంట్లోవాళ్ళు ఒకరు తోడు రావాలని డాక్టరమ్మ ముందే చెప్పింది.

“నువ్వే వెళ్ళు తల్లీ,” అంది అమ్మ. “నెత్తురు చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. నేనొస్తే ఇద్దరికీ మంచాలు వెయ్యాలి.”

క్లినిక్‌లో కుర్చీ వెనక్కి వాలిందో లేదో, నాన్న చటుక్కున లేచి కూర్చున్నాడు. ఊరందరి తలలనూ వెనక్కి వాల్చే మనిషి, తన తల మాత్రం వాల్చనివ్వలేదు. రక్తపోటు చూసి డాక్టరమ్మ పెదవి విరిచింది.

“ఇంత కంగారులో మొదలుపెట్టలేనండీ. కొద్దిగా మత్తిస్తే భయం తగ్గుతుంది. పూర్తిగా నిద్రపోరు.”

“భయమా? నాకా? తెలివి లేకుండా నా నోరు ఇంకొకరికి అప్పగిస్తానా! ఇంటికి పదవే!”

“పద. రాత్రంతా నువ్వు మూలుగు, మేం జాగారం చేస్తాం,” అంది కూతురు కోపంగా. “సెలూన్‌లో ఏడ్చే పిల్లల్ని ఎలా కూర్చోబెడతావు నాన్నా?”

“వాళ్ళు చిన్నపిల్లలు. కదులుతారు.”

“నువ్వూ కదులుతున్నావు.”

మాస్కు వెనక డాక్టరమ్మ నవ్వు దాచుకుంది.

కూతురు స్టూలు దగ్గరికి లాక్కుంది. ఆయన చొక్కా జేబులోని దువ్వెన తీసి ఆయన గుప్పిట్లో పెట్టింది. ఏడ్చే పిల్లలకు నాన్న చేసే ఉపాయమది. ఇంకో అలవాటు కూడా ఉంది ఆయనకు: కత్తి తగలకముందే ఏం తగలబోతోందో చెప్పడం.

“ఇప్పుడు చేతికి చల్లగా ఉంటుంది, అది దూది. ఇప్పుడు చీమ కుట్టినట్టుంటుంది. ఒక్కటే చీమ.”

అచ్చం ఆయన గొంతే, ఆయన నెమ్మదే. నాన్న ఆమెను కొత్తమనిషిని చూసినట్టు చూసి, మెల్లగా చెయ్యి చాపాడు.

కాసేపటికి మత్తు పనిచేసింది. నాన్న తన మెడకు కట్టిన గుడ్డ విప్పి డాక్టరమ్మ మెడకు చుట్టబోయాడు.

“కూర్చోండమ్మా. చెవి దగ్గర ఎగుడుదిగుడుగా ఉంది. ఎవరో నిద్రలో కత్తిరించినట్టున్నారు. మా అమ్మాయి సరిచేస్తుంది. నాకంటే దానిది తేలిక చెయ్యి. దానికి చెప్పకండి, నెత్తికెక్కుతుంది!”

ఆ తర్వాత నోట్లో దూది పెట్టారు. కూతురు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఇంటికొచ్చాక ఆయనకేమీ గుర్తులేదు. “ఏవన్నా వాగానా?” అని ముద్దముద్దగా అడిగాడు.

“డాక్టరమ్మకు క్రాపు చేస్తానన్నావు,” అంది. అంతకుమించి చెప్పలేదు. తెలివి లేనప్పుడు జారిన మాట పట్టుకుని కుర్చీ అడగడం ఆమెకు నచ్చలేదు.

“చెప్పెయ్యవే, పిచ్చిదానా!” సంగతి విన్న అమ్మ గిల్లింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

వారం తర్వాత కుట్లు విప్పించుకుని నాన్న ఒక్కడే నేరుగా సెలూన్‌కు వచ్చాడు. కూతురు నేల ఊడుస్తోంది. ఆయన బుగ్గ ఇంకా కొంచెం ఉబ్బే ఉంది, గడ్డం మాసిపోయింది. వెళ్ళి రెండో కుర్చీలో కూర్చుని, తువ్వాలు తనే మెడకు చుట్టుకున్నాడు.

“అన్నీ చెప్పింది ఆ డాక్టరమ్మ. నీ దగ్గర జుట్టు సరిచేయించుకోడానికి రేపొస్తుందట.”

“అవి మత్తులో అన్న మాటలే నాన్నా...”

“మత్తులో పన్ను తీస్తుంటే కదల్లేదటగా నేను. మెలకువలో కదలకుండా ఉంటానో లేదో చూద్దాం.” ఉబ్బిన బుగ్గను వేలితో చూపించాడు. “బుడగ ఇదిగో. పేల్చకు.”

ఆమె బ్రష్షు తడిపింది.

“ఇప్పుడు చల్లగా ఉంటుంది నాన్నా. అది నురగ.”

ఆయన కళ్ళు మూసుకున్నాడు. కంటి కొసన చిన్న తడి.

“నొప్పిగా ఉందా?”

“నురగ పడింది కంట్లో. కానివ్వు.”

ఆమె ఇంకా నురగ పూయనేలేదు.