నాలుగు నిమిషాలకోసారి దగ్గే కారు

"సాక్షిని పన్నెండు లోపు కోర్టు మెట్లు ఎక్కించాలి. లేకపోతే ముఠా నాయకుడికి బెయిలొస్తుంది. సాయంత్రానికి వాడు సొంత దేశంలో ఉంటాడు." పెద్దాయన ఫైలు మూశాడు. "ఎస్కార్ట్ పెడితే వాళ్లకు మనమే దారి చూపినట్టు. పాత కారులో వెళ్లండి."

"ఎంత పాతది సార్?"

"నీ సర్వీసంత."

డిపార్ట్‌మెంటులో అందరూ మేస్త్రీ అని పిలిచే ఆ ఏజెంటుకు ఇరవై ఆరేళ్ల సర్వీసు. కారు అతనికంటే అలసిపోయి ఉంది. సీట్లలో ఎలుకల కంపు. డోరు తీస్తే పిడి చేతికొచ్చింది. దాని జిడ్డు ప్యాంటుకు తుడుచుకుంటే ప్యాంటు పోయింది గాని జిడ్డు పోలేదు.

సాక్షి ముసలి కెమిస్టు. తను కలిపేది విషమని ఆలస్యంగా తెలుసుకుని ముఠా ల్యాబు నుంచి పారిపోయి వచ్చినవాడు. అతనికి తోడుగా వచ్చిన ఏజెంటును పట్టు అంటారు. నల్లకళ్లద్దాలు, మెడకు స్కార్ఫు, చేతికి హ్యాండ్‌బ్యాగు, నాలుగు గదుల అవతలికి తెలిసే సెంటు. వేషాలు సులువే. ఆమె గొప్పింటి కోడలు, కెమిస్టు జబ్బు మామగారు, మేస్త్రీ డ్రైవరు.

పదింటికి బయలుదేరారు. కాసేపటికే ఇంజిన్ ఖళ్లుమని దగ్గింది. ఆగిపోబోయి మళ్లీ అందుకుంది. వెనక సీట్లో కెమిస్టు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"కడుపులో తిప్పుతోంది నాయనా."

"ఓర్చుకోండి. కిటికీ దిగదు."

మళ్లీ దగ్గు. ముందు సీట్లో పట్టు చిరాకు పడింది. "గురూ, ఇది కోర్టు దాకా వచ్చే బండేనా? ఎక్కడో ఒకచోట ఆపి ఇంకోటి తెప్పిద్దాం."

మేస్త్రీ వాచీ చూస్తున్నాడు. పది పన్నెండు. పది పదహారు. పది ఇరవై. తీగ వదులైతే గుంటలో పడ్డప్పుడు దగ్గాలి. తీగ పాతబడితే వేడెక్కినప్పుడు దగ్గాలి. టైమ్ చూసుకుని దగ్గే జబ్బు అతను ఏ కారులోనూ చూడలేదు.

రోడ్డు పక్కన ఆపాడు. ఇంజిన్ ఆపకుండానే బానెట్ ఎత్తాడు. ఇంజిన్ తిరుగుడు కనిపెట్టి కారు కంప్యూటరుకు చెప్పేది క్రాంక్ సెన్సర్. దానికి మూడు తీగలు. ఒకటి కరెంటు తెస్తుంది, ఒకటి ఎర్త్, మూడోది కబురు మోస్తుంది. కరెంటు తీగకు మీటరు పెట్టాడు. అయిదు వోల్టులు. సరిగ్గానే ఉంది.

పది ఇరవై ఎనిమిది. మీటరు రెండుకు పడిపోయింది. ఇంజిన్ దగ్గింది. మళ్లీ అయిదు.

ఎవరో మధ్యలో కరెంటు ఎంగిలి చేస్తున్నారు.

తీగ వెంబడి వేళ్లు పోనిచ్చాడు. మసి, ఎలుక పెంటికలు, ఎండిన బొద్దింక. బ్యాటరీ దాటాక పాత టేపు మధ్యలో బెత్తెడు కొత్త టేపు తగిలింది. ఒలిచాడు. లోపల రెండు తీగల్ని ఉత్తినే మెలిపెట్టి వదిలేశారు. కరిగించి అతికే సోల్డర్ లేదు. పైన ఎర్రగా నెయిల్ పాలిష్ పూసి ఉంది. అక్కడ మొదలైన సన్నటి తీగ అగ్గిపెట్టెంత నల్లడబ్బాలోకి పోయింది. ట్రాన్స్‌మిటర్. నాలుగు నిమిషాలకోసారి కారు ఎక్కడుందో చెబుతోంది. చెప్పినప్పుడల్లా సెన్సర్ కరెంటు మింగుతోంది.

ఎలుక పెంటికలకు రాని వికారం ఆ జాయింటు చూస్తే వచ్చింది. ఎనిమిదేళ్ల కిందట ట్రైనింగు క్లాసులో అతనే చెప్పాడు. "సోల్డర్ చేయండి. తడి తగలకుండా పైన ఏదైనా పూయండి. ఏదీ దొరక్కపోతే నెయిల్ పాలిష్." క్లాసంతా నవ్వింది. ఒక్క అమ్మాయి మాత్రం రాసుకుంది. రాసుకున్నది రెండో ముక్కేనన్నమాట.

"ఇలా వచ్చి టార్చి పట్టు, పట్టూ."

ఆమె వచ్చి టార్చి పట్టింది. జాయింటు పక్కనే ఆమె గోళ్లు. అదే ఎరుపు. అతను చూడటం ఆమె చూసింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లు గురూ."

"ఏమిస్తారేంటి వాళ్లు?"

"ఏసీ కారు."

టార్చి వదిలేసి వెనక డోరుకు ఉరికింది. కెమిస్టు పక్కన పెట్టిన తన హ్యాండ్‌బ్యాగు లాగి పిస్తోలు కోసం మణికట్టు దాకా చెయ్యి దూర్చింది. మరుక్షణం "ఛీ! ఛీ! ఛీ!" అంటూ ఎగిరిపడింది.

"ఏమీ అనుకోకు కోడలా," అన్నాడు కెమిస్టు మూతి తుడుచుకుంటూ. "నోరు తెరుచుకుని అదొక్కటే కనబడింది."

ఆ సందులో మేస్త్రీ ఆమె చేతులు వెనక్కి విరిచి టేపు చుట్టేశాడు.

"గురూ, నీకు పుణ్యముంటుంది, చెయ్యి కడుక్కోనివ్వు!"

"కోర్టులో కుళాయి ఉంది."

పక్కనే సెప్టిక్ ట్యాంకర్ ఆగి ఉంది. డ్రైవరు టైర్లు తన్ని చూసుకుంటున్నాడు.

"ఎటన్నా?"

"ఊరవతల గోతికి సార్. ఆ దిక్కుకు కాకి కూడా రాదు."

మేస్త్రీ కార్డు చూపించాడు. "బండి అక్కడ వదిలేసి, కనబడనంత దూరం పోయి కూర్చో." నల్లడబ్బాను టార్చిలోని మూడు సెల్స్‌కు తగిలించి ట్యాంకర్ కింద అంటించాడు. పెద్దాయనకు ఫోను చేశాడు. "గోతి దగ్గరికి మనవాళ్లను పంపండి. ముక్కుకు గుడ్డలు కట్టుకోమనండి."

తర్వాత కిట్టులోంచి సోల్డర్ రాడ్డు తీశాడు.

"టైమ్ లేదు కదా గురూ," సీట్లోంచి ఎకసెక్కంగా అంది పట్టు. "మెలిపెట్టి పోనియ్."

"మెలిపెట్టే నువ్వు దొరికావు."

నిదానంగా సోల్డర్ చేసి, టేపు చుట్టి, స్టార్ట్ చేశాడు. కోర్టు దాకా కారు దగ్గలేదు. కెమిస్టు మాత్రం ఇంకో రెండుసార్లు స్కార్ఫు అడిగి పుచ్చుకున్నాడు.

పన్నెండుకు అర నిమిషం. బెయిలు కాగితం మీద జడ్జిగారి పెన్ను ఆనబోతోంది. తలుపు తెరుచుకుంది. ముందు వాసన వచ్చింది, వెనకే సాక్షి. నాయకుడి లాయరు అభ్యంతరం చెప్పడానికి లేచి, ముక్కు మూసుకుని కూర్చున్నాడు. పెన్ను పైకి లేచింది.

ఒంటిగంటకు పెద్దాయన ఫోను. "సూట్లేసుకున్న నలుగురు దొరికారు, మేస్త్రీ. సాక్షిని ట్యాంకులో దాచావనుకుని వాల్వు తిప్పారు. మనవాళ్లు బేడీలు వేయమంటే వేయరు. ముందు పైపుతో కడగాలంటున్నారు. సరే, పట్టును ఎలా పట్టావో చెప్పు, రిపోర్టులో రాయాలి."

మేస్త్రీ గోళ్లలో జిడ్డు చూసుకున్నాడు. "బ్యాటరీ జానెడు దూరంలో పెట్టుకుని డబ్బాను సెన్సర్ తీగకు తగిలించింది సార్. దేశద్రోహమని ఎంత పెద్దగానైనా రాసుకోండి. నా దగ్గర చదువుకుందని మాత్రం ఎక్కడా రాయకండి."