ఆగకుండా వంగిన పంగల కర్ర

పఖొక్కు పట్నం అవతల మా ఊళ్లో నేల కింద నీళ్లెక్కడున్నాయో చెప్పేది నేనే. చింత కొమ్మ పంగల కర్రని రెండు చేతులా పట్టుకుని, చెప్పుల్లేకుండా నడుస్తాను. నీళ్లున్నచోట కర్ర వంగుతుంది. ఎన్నిసార్లు వంగి ఆగితే అన్ని మూరల లోతు. ఆగేదాకా లెక్కపెట్టాలని మా నాన్న చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు.

ఆ వేసవిలో కర్ర ఆగలేదు. ఊరంతా చుట్టూ చేరి చూస్తోంది. నా చేతులు పీకేస్తున్నాయి. "నలభై" అనేసి కర్ర దించేశాను. పరువుకి పోయాను, అంతే.

తవ్వడానికి దిగింది మా చెల్లెలు టిన్ యీ మొగుడు ఫో లోన్. చెల్లెలికి అప్పుడు ఏడో నెల.

"నలభై దాటితే నీ కర్ర పొయ్యిలో పెడతా బావా!" అని నవ్వుతూ దిగాడు.

అడుగున చీకటి కాబట్టి పైనుంచి ఒకరు అద్దంతో ఎండ పట్టాలి. ఆ పని నాది. తాడు రెండుసార్లు కదిలిస్తే పైకి లాగమని గుర్తు.

నలభయ్యో మూర తవ్వుతున్న రోజు, మిట్టమధ్యాహ్నం, పలుగు చప్పుడు ఆగిపోయింది. బావిలోంచి చల్లగాలి, కుళ్లిన పూల వాసన. తొంగిచూశాను. ఫో లోన్ గోడకి చెవి ఆనించి ఉన్నాడు.

"ఏంట్రా?"

"అటువైపు నుంచి... ఎవరో తవ్వుతున్నారు బావా."

బాగా వినపడాలని ఇంకాస్త ముందుకి వంగాను. వెలుగు పక్కకి జరిగింది. మళ్లీ తిప్పేసరికి... అడుగున ఇద్దరు. అదే లుంగీ. అదే తలగుడ్డ.

తాడు రెండుసార్లు కదిలింది. అందరూ కలిసి లాగారు. ఫో లోన్ పైకొచ్చాడు. ఒళ్లంతా తడి. నావైపు చూడకుండా నడుముకున్న తాడు విప్పుకున్నాడు. టిన్ యీ ఏడుస్తూ అతని మొహం తుడిచింది.

"ఇంకొకడున్నాడు! తాడు వెయ్యండి!" అని అరిచాను.

"ఎండదెబ్బ తగిలింది నీకు, నీడన కూర్చో" అన్నాడు ఊరిపెద్ద.

నేనే తాడు వేశాను. వెంటనే రెండుసార్లు కదిలింది. బలమంతా పెట్టి లాగాను. ఒక్కణ్ణి... చాల్లేదు. అరచేతులు చీరుకుపోయాయి.

"బావా... తొందరగా... నీళ్లు..." కింద నుంచి ఫో లోన్ గొంతు.

బావి అడుగున హోరు. "నీళ్లు పడ్డాయి!" అని ఊరంతా గంతులేసింది. రేకు డబ్బాల మోతలో నా కేకలు ఎవరికీ వినపడలేదు. రెండుసార్లు... మళ్లీ రెండుసార్లు... తాడు వదులైపోయింది.

టిన్ యీ పైకొచ్చినవాడి చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపిస్తోంది. కర్ర పట్టుకుని వెనకే వెళ్లాను. అది అతని వీపు వైపు వంగుతూనే ఉంది. గుమ్మం చేరేసరికి లెక్క నలభై దాటింది. ఆగలేదు.

టిన్ యీ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నావైపు తిరిగింది.

"అన్నయ్యా, ఇందాకట్నుంచీ లోపల ఒకటే తన్నులు. రెండుసార్లు తన్ని ఆగుతోంది... మళ్లీ రెండుసార్లు."