ఒకే పోస్టుకు రెండు ప్రార్థనలు

ఆ ఆదివారం ఆళ్లగడ్డ చర్చిలో పాస్టరుగారు ప్రార్థన చీటీలు చదువుతున్నారు. మూడోది మా అమ్మ జయమ్మది. “మా ఎలీషాకు నంద్యాల కాలేజీలో రీసెర్చ్ పోస్టు రావాలి.”

నాలుగోది, సున్నిపెంట నుంచి కొత్తగా వచ్చిన సారమ్మగారిది. “మా కరుణకు నంద్యాల కాలేజీలో రీసెర్చ్ పోస్టు రావాలి.”

పాస్టరుగారు కళ్లద్దాలు తీశారు. “పోస్టులెన్నమ్మా?”

“ఒకటే” అన్నాం నేనూ, ఆడవాళ్ల వైపు నుంచి ఒక అమ్మాయీ. చర్చంతా నవ్వింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వకుండా నన్ను ఎగాదిగా చూసింది. నా పని అక్కడే అయిపోయింది, ఒప్పుకుంటున్నాను.

ఆరాధన అయ్యేసరికి వాన. ఇద్దరం వరండాలో ఇరుక్కున్నాం.

“వందనాలు బ్రదర్.”

“ఆ బ్రదర్ ఒక్కటీ వద్దులే.”

“సరే బ్రదర్. నీ ప్రాజెక్టు ఏందీ?”

“కోడిగుడ్డు పెంకులు. అమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతాది. ఆ పెంకులు కాల్చి పొడి చేస్తా. అదే క్యాటలిస్టు. దాంతో బజ్జీల బండి నూనెను డీజిల్ చేస్తాండా. అదే పొడి రెండుసార్లు బాగా పనిచేస్తాది, మూడోసారి మొండికేస్తాది.”

“పొడి యాడ పెడ్తాండావ్?”

“పాత ఊరగాయ సీసాలో.”

“మూత?”

“ఉంది. కొంచెం లూజు.”

అప్పుడు నవ్వింది, మా ఇద్దరి మీదా వాన జల్లు పడుతున్నా పట్టించుకోకుండా. “ఈ వానల్లో గాలి తగిలితే పాడైపోదా? మళ్లీ కాల్చు. తర్వాత గాలి సోకనీయొద్దు.”

“పోటీకొచ్చి నాకెందుకు చెప్తాండావ్?”

“తప్పు కనపడితే నా నోరు ఊరుకోదు.”

ఆమె చెప్పినట్టే చేశాను. పొడి మూడోసారే కాదు, నాలుగోసారీ పనిచేసింది. ఈ పోస్టు రాకపోతే కెమిస్ట్రీ వదిలేసి మెడికల్ రెప్‌గా చేరతానని అమ్మకు మాటిచ్చి నంద్యాల బస్సెక్కాను.

ఇంటర్వ్యూలో పెద్ద ప్రొఫెసరు ముచ్చటపడ్డారు. “ఈ కిటుకు ఎలా కనుక్కున్నావయ్యా?”

నాదే అని చెప్పేయొచ్చు. నాలుక దాకా వచ్చింది కూడా. కానీ బయట బెంచీ మీద నా పక్కన కూర్చుని, నా టై సరిచేసి పంపిన మనిషి గుర్తొచ్చింది.

“నేను కనుక్కోలేదు సార్. బయట కూర్చున్న కరుణ చెప్పింది.”

పోస్టు కరుణకే వచ్చింది.

“ఆ మాట చెప్పకుంటే ఏం పోయేదిరా?” అని అమ్మ దుమ్మెత్తిపోసింది. బడి నుంచి పెంకులు తేవడం మానేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మరుసటి ఆదివారం చర్చి గుమ్మం దగ్గర కరుణ ఒక చీటీ నా చేతిలో పెట్టింది. “చదువు. ఇష్టమైతేనే పాస్టరుగారికియ్యి.”

చదివాను. నేరుగా వెళ్లి ఇచ్చేశాను. పాస్టరుగారు ఒకసారి తనలో తాను చదువుకుని, తర్వాత పైకి చదివారు.

“ఎలీషాకు కూడా తొందర్లో రీసెర్చ్ పోస్టు రావాలి. మా ఇద్దరికీ పెళ్లి కావాలి. ఇట్లు, కరుణ.”

బ్రదర్ అన్న మాట ఎక్కడా లేదు.

చర్చంతా మా వైపు తిరిగింది. నేను అమ్మ వైపే చూస్తున్నాను. రెప్‌గా చేరతానని మాటిచ్చింది ఆమెకే కదా. అమ్మ కరుణను చూసింది, నన్ను చూసింది, కొంగు తలమీదికి లాక్కుంది.

“ఆమెన్!” అంది, వీధిలోకి వినపడేలా.

బయటికొచ్చాక నా భుజం మీద ఒక్కటి వేసింది. “రేపు బడిలో గుడ్లు పెడ్తార్రా. పెంకులు దాచిపెడ్తాలే.”