పురుగు వాటా

ఆ పొద్దున కూడా కరుణమ్మ పంపు చప్పుడుతోనే లేచింది.

కిర్రు, కిర్రు అని పురుగుమందు కొట్టే ఇత్తడి పంపు పిడి కదిలే చప్పుడు అది. ఆ పంపు ఇప్పుడు లేదు. పాతికేళ్ల కిందటే పాత సామాన్ల వాడికి ఇచ్చేసింది. అయినా పత్తి కాయ పగిలే రోజులు వచ్చాయంటే చాలు, తెల్లవారుతుండగా చేను వైపు నుంచి వినిపిస్తుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే చెవులు చెడ్డాయంటారు, లేకపోతే పాస్టరుగారిని పిలిచి ప్రార్థన పెట్టిస్తారు. ఆమెకు రెండూ వద్దు.

ఆ పంపు వీపున కట్టుకున్న మనిషి ఆమె భర్త దయానందం. మెత్తని మనిషి. జొన్న కోసినప్పుడు గట్టు పక్క సాలు ఒకటి కోయకుండా వదిలేవాడు. చేను లేని ముసలివాళ్లు వచ్చి ఏరుకునేవారు. అలాంటి మనిషి పత్తి మీద ఒక ఏడు పచ్చపురుగు పడింది. ఎన్నిసార్లు మందు కొట్టినా చావలేదు. ఒక రోజు మధ్యాహ్నం పంపు కారి అంగీ అంతా తడిసి, కండ్లు మసకలంటూ ఇంటికొచ్చాడు. ట్రాక్టరు మీద చేవెళ్ల దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయింది. కొడుకు వరప్రసాద్‌కు అప్పుడు ఆరేళ్లు, కూతురు ప్రియకు మూడు.

తర్వాత మూడేళ్లకు బీటీ పత్తి వచ్చింది. చెట్టులోనే మందు ఉంటుంది, పురుగు ఆకు కొరికితే చస్తుంది అన్నారు. తమ ఊరు ఆలూరులో అందరికంటే ముందు ఆ గింజ పెట్టింది కరుణమ్మే. ఆ ఏడు చేలో చచ్చిన పురుగుల్ని చూసి గట్టు మీద కూర్చుని ఏడ్చింది. మూడేళ్లు ముందొస్తే నీ సొమ్మేం పోయిందని దేవుణ్ణి నిలదీసింది కూడా. ఆ మాట పాస్టరుగారికి తెలియదు.

ఆమె పొయ్యి మీద చాయ్ పెట్టేసరికి వాకిట్లో వరప్రసాద్ వంగి మంచం కింద వెతుకుతున్నాడు. కోడలు విజయరాణి చందనవెల్లి ఫ్యాక్టరీ బస్సుకు అప్పుడే వెళ్లిపోయింది. చూరుకు క్రిస్మస్ స్టారు వేలాడుతోంది.

"అవ్వా, బ్యాటరీ పంపు ఏది? చార్జింగ్ పెట్టి ఈడనే ఉంచిన."

"నాకేం ఎర్క. ముందుగాల చాయ్ తాగు."

"చాయ్ ఎటుపోతది. గాలి లేవకముందే కొట్టాలె."

అంతలో గేటు దగ్గర స్కూటీ ఆగింది. ప్రియ మొయినాబాద్‌లో వ్యవసాయ విస్తరణ అధికారి. అక్కడే కిరాయికి ఉంటుంది, సెలవు దొరికితే ఇంటికొస్తుంది. హెల్మెట్ తీయకుండానే అన్న మొహం చూసి విషయం కనిపెట్టేసింది.

"మందు కొడ్తవా అన్నా?"

"పది కాయలు పగలగొడితే ఆరింట్ల గులాబీ పురుగు ఉన్నది. ఇయ్యాల కొట్టకపోతే పై కాత మొత్తం దానికే."

"కాయ లోపట ఉన్నదానికి మందు తాకదు. పంట ముగించి చెట్లు పీకేయమని ఊరూర చెప్పుకుంట తిరుగుతున్న. మన ఇంట్లనే ఇంటలేరు."

"చెట్టు మీద కాయ ఉండంగ పీకమంటవా? నోటికాడి బుక్క. నీకేంది, నీది నౌకరి."

ప్రియ హెల్మెట్ తీసి స్కూటీకి తగిలించింది. వరప్రసాద్ ఇల్లంతా వెతకడం మొదలుపెట్టాడు. మంచివాడే. కోపమొస్తే గొంతు పెంచడు, గిన్నెలతో, డబ్బాలతో చప్పుడు చేస్తాడు. వంటింట్లో చప్పుడైంది, మెట్ల కింద చప్పుడైంది. చివరికి వెనక గది తలుపు తీశాడు. అప్పటికే కరుణమ్మ అక్కడికి చేరుకుంది. ఒకప్పుడు జొన్నలు పోసుకున్న వెదురు గుమ్మికి వీపు ఆనించి నిలబడింది.

"జరుగవ్వా."

"జరగ."

"గుమ్మిల పెట్టినవా?"

"పెట్టిన. ఇయ్య. పంట మొత్తం పోనియ్యి, నాకు ఫికర్ లేదు. ఈ ఇంట్ల ఇంకో మనిషి వీపుకు పంపు కట్టొద్దు."

"బాపు పోయిండని నేనెన్నేండ్లు భయపడాలె? బీటీ ఉన్నది, పురుగు రాదు అన్నవ్. వచ్చింది కద. నేను మాస్కు కట్టుకుంట. నువ్వు మందు కలపనీకి కూడ రావద్దు. నేనే కలుపుకుంట."

ఆ చివరి మాట అతను ఊరికే అన్నట్టే అన్నాడు. అది వెళ్లి ఎక్కడ తగలకూడదో అక్కడే తగిలింది. కరుణమ్మ గోడ పట్టుకుని పక్కకు జారింది, నేల మీద కూలబడింది. ప్రియ పరుగెత్తుకొచ్చి తల్లి భుజం పట్టుకుంది.

వరప్రసాద్ ఆమె వైపు చూడకుండా గుమ్మిలోకి వంగి పంపు పట్టీ లాగాడు. పట్టీ దేనికో చిక్కుకుంది. గట్టిగా లాగేసరికి పంపుతో పాటు చిన్న చిన్న ప్యాకెట్లు బొలబొలా కింద పడ్డాయి. కొన్నింటి రంగు వెలిసిపోయింది, కొన్నింటిని ఎలుకలు కొరికాయి. ఇంకా లోపల ఎన్నున్నాయో.

ప్రియ ఒకటి తీసి వెలుతురుకు పట్టింది. "ఇవి పత్తి గింజలే. బీటీ ప్యాకెట్ల లోపట చిన్న ప్యాకెట్ ఇస్తుండె కద, మామూలు పత్తి. అవ్వా, అన్నీ దాచినవా?"

"గట్టు పొంటి పెట్టుమన్నడు దుకాణమాయన," అంది కరుణమ్మ నేల చూస్తూ. "ఎందుకని అడిగిన. పురుగు తిననీకి అన్నడు. మీ బాపును తిన్నది ఆ పురుగే కద. దానికి నేను మెతుకు పెట్టి పెంచాల్నా? పెట్టలే. గింజ పారేసుడు పాపమని దీంట్ల ఏసుకుంట వచ్చిన."

అప్పటిది పచ్చపురుగు, ఇప్పటిది గులాబీది. కరుణమ్మకు ఆ తేడా ఎన్నడూ పట్టలేదు. పురుగంటే పురుగే.

ప్రియ ఆ ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పింది. ఊరూరా తిరిగి రైతులకు చెప్పే మాట సొంత తల్లికి చెప్పడానికి ఆ పిల్లకు నోరు రాలేదు. అది చూసి కరుణమ్మకు ఇంకా భయమేసింది.

"చెప్పు బిడ్డా. ఏం తప్పు జేసిన?"

"ఏం లేదవ్వా. బీటీకి చావని మొండి పురుగు ఎప్పుడన్న ఒకటో రెండో పుడ్తయి. గట్టు మీద మామూలు చెట్లుంటే ఆడ మామూలు పురుగులు బతుకుతయి. ఈ మొండిది పోయి వాటితోని జత కడితే, పుట్టే పిల్లలు బీటీకి చస్తయి. గట్టు మీద చెట్లే లేకపోతే మొండిదానికి మొండిదే జత. ఇంక చేనంత అవే."

కరుణమ్మ ఎలుకలు కొరికిన ఒక ప్యాకెట్‌ను చేతిలోకి తీసుకుంది.

"అంటే ఈ పురుగును నేనే తెచ్చిననా?"

"నువ్వొక్కదానివే కాదు. దేశంల శానా మంది పెట్టలే, మోరీల పారేసిండ్రు. అందుకే ఇప్పుడు మనల్ని అడగకుంట పెద్ద ప్యాకెట్లనే మామూలు గింజ కలిపి ఇస్తున్నరు."

"అప్పుడు గట్ల జేసిన," అంది కరుణమ్మ ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు. "మళ్ల గిట్ల జేసిన."

"అప్పుడేం జేసినవ్?"

పాతికేళ్లు కడుపులో దాచుకున్న మాట. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర మోకరించిన ప్రతిసారీ గొంతుదాకా వచ్చి వెనక్కి పోయిన మాట. చెదిరిన ప్యాకెట్ల మధ్య కూర్చుని ఆమె దాన్ని బయట పెట్టింది.

"ఆ రోజు మందు కలిపింది నేనే. పంపుకు ఒక్క మూత పోయాలె. పురుగు చస్తలేదని నాకు పగ వట్టింది. మూడు పోసిన. మీ బాపు దాన్ని వీపుకు కట్టుకొని పోయిండు. పంపు కారింది. నేనే సంపిన ఆయనను. పొద్దున లేస్తే ఆ పంపు చప్పుడే ఇనవస్తది నాకు. ఇప్పుడు నువ్వు పంపు ఎత్తుకుంటే నేనేం గావాలె కొడుకా?"

ప్రియ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వరప్రసాద్ పంపును మెల్లగా కింద పెట్టాడు. తల్లికి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. అతని గొంతు బాగా తగ్గిపోయింది.

"నాకెర్కనే అవ్వా."

"ఏం ఎర్క?"

"నేను గట్టు మీద కూసున్న ఆ రోజు. నీ చెయ్యి చూసిన. మూడు మూతలు."

కరుణమ్మ తల ఎత్తింది. ఆరేళ్ల పిల్లవాడు. పాతికేళ్లు. ఇదే ఇంట్లో, ఇదే కంచంలో ఆమె చేతి అన్నం తిన్నాడు.

"మరెందుకు చెప్పలే ఎవ్వరికి?"

"చెప్తే పోలీసులు నిన్ను తీస్కపోతరనుకున్న. బాపు ఎట్లాగు లేడాయె." అతను కళ్లు తుడుచుకున్నాడు. "ఇంకో మాట. బాపే అన్నడు నీతోని, ఇంకో మూత పొయ్యి కరుణా అని. నువ్వు మర్చిపోయినవ్."

కరుణమ్మ గుర్తు చేసుకోవడానికి చూసింది. బకెట్టు గుర్తుంది, మందు వాసన గుర్తుంది, చేతి మీద పడిన చుక్క మంట గుర్తుంది. ఆయన మాట గుర్తుకు రాలేదు. కొడుకు చెప్పేది నిజమో, తల్లి కోసం ఇప్పటికిప్పుడు అల్లిన మాటో ఆమెకు అర్థం కాలేదు. అడగలేదు కూడా. కొడుకు తల ఒళ్లోకి లాక్కుని, ఆయన పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చింది.

మరునాడు చర్చి నుంచి వచ్చాక ముగ్గురూ చేలోకి వెళ్లారు. వరప్రసాద్ మొదటి చెట్టు పీకుతూ పై కాయల వైపు ఒకసారి చూశాడు, అంతే. ప్రియ కుప్ప వేసింది. కరుణమ్మ రాలిన కాయలు ఒక్కటి వదలకుండా ఏరింది. ఇంటికొచ్చాక అన్నిటికంటే కొత్త ప్యాకెట్ విప్పి, కొన్ని గింజలు తడి గోనెలో చుట్టి మూల పెట్టింది.

నాలుగో రోజు విప్పి చూస్తే ఐదు గింజలు మొలకెత్తాయి. కరుణమ్మ వెంటనే కూతురికి ఫోన్ చేసింది.

"మిగిలినయి దాస్తున్న. వానలు పడ్డంక గట్టు సాలు నేనే పెడ్త."

"ఇప్పుడు ఆ అక్కర లేదవ్వా. ప్యాకెట్లనే కలిపి ఇస్తున్నరని చెప్పిన కద."

"పత్తికి లేకపోవచ్చు బిడ్డా. నాకు అక్కర ఉన్నది."

ఆ మర్నాడు తెల్లవారుతుండగా పంపు చప్పుడు మళ్లీ వినిపించింది. కరుణమ్మ ఎప్పటిలా దుప్పటి చెవుల మీదికి లాక్కోలేదు. లేచి కూర్చుని, అది గట్టు దాకా వెళ్లి ఆగేవరకూ వింది.

"ఈసారి నీ సాలు వదుల్త," అని దయానందానికి చెప్పి పొయ్యి వెలిగించడానికి లేచింది.