నానమ్మ చేతుల్లో బలం లేదట

"ఔదున్‌కి ఇవ్వండి! ఆ చేతులు చూశారుగా, సీసా కాదు, దాని తాతనైనా తెరుస్తాడు!"

ఇలా అరిచిన మనిషిని ఔదున్ ఆ తర్వాత చాలా రోజులు మనసులోనే తిట్టుకున్నాడు.

ఆ రోజు హెల్లవిక్ రేవులో దుగ్నాద్. ఏటా వసంతంలో ఊరంతా కలిసి రేవు కడిగి, రంగులు వేసి, చివర్న వాఫిల్స్ తిని ఇళ్ళకు పోయే రోజు. వాన కురుస్తూనే ఉంది. ఆ ఊళ్ళో వాన ఆగితేనే జనం ఆకాశం వంక అనుమానంగా చూస్తారు. టార్పాలిన్ కింద వాఫిల్స్ పొగలు కక్కుతున్నాయి, పుల్లటి మీగడ సిద్ధంగా ఉంది. స్ట్రాబెర్రీ జామ్ సీసా ఒక్కటే, మూత వదిలేది లేదని భీష్మించుకు కూర్చుంది.

అది చేతులు మారి మారి ఔదున్ దగ్గరికి వచ్చింది. ఔదున్ పడవలు కట్టేవాడు. ఆరడుగుల పైచిలుకు మనిషి. ఎవరి పడవకు చిల్లు పడినా, ఎవరింటి తలుపు బిగుసుకుపోయినా ఊళ్ళో మొదట వినబడే పేరు అతనిదే. నవ్వుతూ సీసా అందుకుని మూత తిప్పాడు.

మూత కదల్లేదు. కదలకపోగా బొటనవేలి నుంచి మోచేతి దాకా కరెంటు కొట్టినట్టయింది.

చలికాలం నుంచీ ఇదే వరస. పొద్దున్నే కుడిచేతి వేళ్ళు మొద్దుబారి ఉంటున్నాయి. పని మధ్యలో సుత్తి జారిపోతోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో బాబాయిని చూశాక అతనికి బాగా తెలుసు. బాబాయికీ ఇదే చెయ్యి, ఇదే తిమ్మిరి. చివరికి ఉలి పట్టలేక పడవల పని మానేసి, ఇప్పుడు ఫెర్రీ క్యాంటీన్లో కాఫీ పోస్తున్నాడు. ఔదున్‌కి పడవలు కట్టడం తప్ప వేరే పని రాదు. వేరే పని వద్దు కూడా.

ఊరంతా అతని చేతుల వంకే చూస్తోంది. పరువు పోతుందన్న కంగారులో నడుముకున్న కత్తి తీసి మూత సందులో పొడిచాడు.

కత్తి జారింది. సీసా కూడా జారింది. ఢామ్మని పగిలి, ఎదురుగా నిలబడిన అమ్మాయి తెల్లబూట్ల మీద ఎర్రగా పరుచుకుంది.

"అయ్యో, రక్తం!" అని ఎవరో కేక పెట్టారు.

"రక్తం కాదు, జామే," అంది ఆ అమ్మాయి పాలిపోయిన మొహంతో. తర్వాత ఔదున్ వైపు తిరిగింది. "ఇంకో అంగుళం ఇటు వచ్చుంటే రక్తమే అయ్యేది. కత్తితో మూత తీస్తారా ఎవరైనా? మీకసలు బుద్ధుందా?"

ఔదున్ కత్తి ఒరలో దోపేశాడు. ముక్కూమొహం తెలియని మనిషిని అందరి ముందూ ఇలా కడిగెయ్యడం ఆ ఊళ్ళో లేదు. పిల్ల ఉత్తరాన్నుంచి వచ్చినట్టుంది, యాసలోనే తెలుస్తోంది. అక్కడివాళ్ళకి మొహమాటం తక్కువ.

"నా పేరు యోరున్. ఇక్కడి ఆరోగ్యకేంద్రంలో కొత్తగా చేరాను. దెబ్బతిన్న చేతులకి, పట్టు లేని చేతులకి థెరపీ ఇస్తాను. నా దగ్గరికొచ్చే వాళ్ళలో సగం మంది ఇలా కత్తితో మూతలు తీసిన వీరులే. ఇంట్లో కూడా ఇదే విద్యా?"

"ఇంట్లో... ఇంట్లో నానమ్మ కోసం తీస్తుంటాను." ఔదున్‌కి ఏం వాగుతున్నాడో అతనికే తెలియలేదు. "ఆవిడ చేతుల్లో బలం లేదు, పాపం."

యోరున్ మొహం ఇట్టే మెత్తబడింది. "అలా చెప్పండి మరి. గురువారం ఆవిడని తీసుకురండి. నొప్పి లేకుండా తీసే పద్ధతులు బోలెడున్నాయి."

నొప్పి లేకుండా అన్న మాట ఔదున్ చెవిలో తేనె పోసింది. "తప్పకుండా," అన్నాడు.

* * *

"నానమ్మ రాలేదా?" అంది యోరున్, గురువారం ఆరోగ్యకేంద్రానికి ఒక్కడే వచ్చిన ఔదున్‌ని చూసి.

"ఆవిడ ఇల్లు కదలదండీ. నేను నేర్చుకెళ్ళి చెబుతాను."

ఆ సమయానికి నానమ్మ బోర్గిల్డ్ ఒంటరిగా పడవ వేసుకుని ఫ్యోర్డ్ మధ్యలో, కొండల నడుమకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, చేపల వల లాగుతోంది.

యోరున్ బీట్‌రూట్ ముక్కల సీసా ఒకటి బల్ల మీద పెట్టింది. "మూతతో కుస్తీ పట్టకూడదు. లోపల గాలి లేకపోవడం వల్లే అది అతుక్కుపోతుంది. కాస్త గాలి పోనిస్తే చాలు." చెంచా కొన మూత అంచు కింద దూర్చి నెమ్మదిగా పైకి లేపింది. టక్ మంది. ఆ తర్వాత మూత రెండు వేళ్ళతో తిరిగిపోయింది.

ఔదున్ అదిరిపడ్డాడు. "ఇంతేనా?"

"ఇంతే. మీరు పుట్టినప్పట్నుంచీ వృథా చేసిన బలంతో ఇంకో పడవ కట్టుండొచ్చు."

తర్వాత తడిగుడ్డ పరిచి దాని మీద ఇంకో సీసా పెట్టించింది. వంటింటి రబ్బరు తొడుగు వేసుకోమంది. "మూతని వేళ్ళతో పిసక్కండి. అరచెయ్యి పైన ఆనించి భుజంతో తిప్పండి." ఔదున్ తిప్పాడు. మూత వచ్చేసింది, నొప్పి మాత్రం రాలేదు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"మీ నానమ్మకి నొప్పి ఎక్కడ?"

"బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. చిత్రిక పట్టేటప్పుడు మరీ..."

"చిత్రికా? ఆవిడ చిత్రిక పడుతుందా?"

"అప్పుడప్పుడు."

"ఆ వయసులో?"

"మా నానమ్మ సంగతి మీకు తెలీదండీ," అన్నాడు ఔదున్. ఆ రోజు అతను చెప్పిన నిజం అదొక్కటే.

యోరున్ కళ్ళు పెద్దవి చేసి, మణికట్టుకి కట్టుకునే పట్టీల పెట్టె తీసింది. "రాత్రిళ్ళు ఇది కట్టుకుని పడుకోమనండి. ఆవిడ మణికట్టు ఎంతుంటుంది?"

"నా అంత."

"మీ అంతా!"

"తెడ్లు వేసిన చెయ్యి కదండీ."

మరుసటి గురువారం వచ్చాడు. ఆ పైవారం కూడా వచ్చాడు. హెర్రింగ్ చేపల సీసా, అడవి పళ్ళ జామ్ సీసా, ఏది దొరికితే అది చంకన పెట్టుకొచ్చేవాడు. సీసాల కోసం కాదని మూడో వారానికే అతనికి అర్థమైపోయింది. ఆ పిల్ల నవ్వితే గదిలో దీపం వేసినట్టుండేది. తిడితే ఇంకా బాగుండేది.

ఒక గురువారం వాన దంచికొడుతుంటే ఇద్దరూ ఒకే గొడుగు కింద రేవు దాకా నడిచారు. గొడుగు ఆమెది, చాలా చిన్నది. అతని సగం ఒళ్ళు తడిసి ముద్దవుతోంది, మిగతా సగానికి మాత్రం స్వర్గంలో ఉన్నట్టుంది.

"శనివారం కాఫీకి వస్తారా?" అనేశాడు.

ఆమె ఆగి అతని మొహంలోకి చూసింది. "వస్తాను. నా అదృష్టం బాగుండి పేషెంటు మీ నానమ్మ అయింది. మీరే అయ్యుంటే కాఫీ మాటే లేదు."

"ఎందుకని?"

"రూలు. పేషెంటుతో ప్రేమా దోమా అంటే ఉద్యోగం ఊడుతుంది."

ప్రేమ అన్న మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకి అప్పుడు తెలిసింది. చెవుల దాకా ఎర్రబడి, గొడుగు అతని చేతిలో పెట్టి, వానలోనే పరిగెత్తింది.

ఔదున్ మాత్రం ఉన్నచోటే కొయ్యబారిపోయాడు. ఆమె ప్రేమ అంది. ఆ మాటకి ఎగిరి గంతెయ్యాలనుంది. దాని ముందున్న 'పేషెంటు' అన్న మాటకి మాత్రం కాళ్ళ కింద నేల కదిలినట్టుంది. నిజం చెబితే ఆమె దక్కదు, చెప్పకపోతే చెయ్యి దక్కదు.

* * *

శనివారం కాఫీ అయింది. ఆ పై శనివారం కూడా అయింది. ఔదున్ కప్పు ఎడమ చేత్తో పట్టుకుని తాగాడు.

బుధవారం నాడు షెడ్డులో ఉలి చేతిలోంచి జారి బూటు పక్కనే చెక్కలో దిగబడింది. వంగి తీస్తూ అరచెయ్యి చూసుకున్నాడు. బొటనవేలి కింద ఉబ్బుగా ఉండాల్సిన చోట గుంట పడి ఉంది. అచ్చం బాబాయి చేతికి ఉన్నట్టే. ఆ పూట ఇక పని ముట్టుకోలేకపోయాడు.

గురువారం గొంతు సర్దుకుని, "నానమ్మకి బొటనవేలి కింద కండ కొంచెం... లోపలికి పోయిందండీ. ఫరవాలేదా?" అన్నాడు.

యోరున్ చేతిలోని సీసా కింద పెట్టేసింది. ఆ మొహంలో నవ్వు లేదు.

"ఎప్పట్నుంచి?"

"ఈ మధ్యే చూశా... చూసింది."

"ఔదున్, ఇది వయసు వల్ల వచ్చే నొప్పి కాదు. మణికట్టులో నరం నలిగిపోతోంది. వదిలేస్తే ఆ కండ మళ్ళీ రాదు. చిన్న ఆపరేషన్‌తో పోయేదాన్ని ఇన్నాళ్ళు నాన్చారా?" అంటూనే రెయిన్‌కోటు తొడుక్కుంటోంది. "పదండి."

"ఎక్కడికి?"

"మీ ఇంటికి. ఇప్పుడే."

"నానమ్మ పడుకుని ఉంటుంది!"

"మధ్యాహ్నం కాఫీ వేళ పడుకుంటుందా? కారెక్కండి."

దారి పొడుగునా ఔదున్ చెప్పాలనుకున్నాడు. నోరు తెరిచిన ప్రతిసారీ ఆమె, "భయపడకండి, మీ నానమ్మని నేను చూసుకుంటానుగా," అని అతని నోరు మూయించింది. ఆ ఓదార్పుకి అతను ఇంకా కుంగిపోయాడు.

బోర్గిల్డ్ వాకిట్లోనే ఎదురైంది. సన్నగా, పొట్టిగా, చలాకీగా ఉంది. "రా అమ్మాయీ, లోపలికి రా. వీడు ఆడపిల్లని ఇంటికి తీసుకురావడం ఇదే మొదలు!" అని రొట్టె, వెన్న, హెర్రింగ్ సీసా బల్ల మీద పెట్టింది. సీసా కొత్తది, మూత ఇంకా తియ్యలేదు.

"మీరు ముట్టుకోకండి, నేను తీస్తాను," అని యోరున్ గబుక్కున లేచింది.

"దీనికి నువ్వెందుకమ్మా?" అంది బోర్గిల్డ్.

చెంచా అక్కర్లేదు, తొడుగు అక్కర్లేదు. ఆవిడ ఒక్క తిప్పు తిప్పింది. మూత కిర్రుమని ఊడొచ్చింది.

యోరున్ ఆ మూత వంక, ఆవిడ చేతి వంక మార్చి మార్చి చూసింది.

"మీకు... మీకు చేతుల్లో బలం లేదట కదా?"

"నాకా?" ముసలావిడ చేతిలో మూత అలాగే ఉండిపోయింది. "ఎవడన్నాడు? పొద్దున్నే వల లాగొచ్చాను! ఈ మధ్య వీడి సీసాలు కూడా నేనే తీసి పెడుతున్నాను!"

యోరున్ ఆవిడ చెయ్యి అందుకుని తిప్పి చూసింది. బొటనవేలి కింద కండ రాయిలా ఉంది. మణికట్టు చూస్తే చిన్నపిల్లది అన్నట్టుంది. ఆమె నెమ్మదిగా తలెత్తి ఔదున్ వంక చూసింది. ఆ చూపు తట్టుకోలేక ఔదున్ కళ్ళు దించుకున్నాడు.

"ఎవరి చెయ్యి ఔదున్?"

అతను కుడిచెయ్యి బల్ల కిందికి లాక్కున్నాడు. ఆమె గిరుక్కున తిరిగి బయటికి వెళ్ళిపోయింది.

"ఒరే, నా పేరు చెప్పి ఏం వెలగబెట్టావురా?" అంది నానమ్మ. సమాధానం చెప్పడానికి అతను అక్కడ ఉంటే కదా.

కారు దగ్గర వానలో తడుస్తూ నిలబడి ఉంది యోరున్.

"మొదట పరువు కోసం అబద్ధం ఆడాను," అన్నాడు ఔదున్. "తర్వాత నీ కోసం ఆడాను. నా చెయ్యి అని చెబితే నేను పేషెంటునవుతాను. అప్పుడిక నువ్వు నాకు దక్కవు. అందుకే చెయ్యి పోతే పోనీ అనుకున్నాను."

"పిచ్చా నీకు?" అని గదిమింది ఆమె. "చెయ్యి పోగొట్టుకుని నాతో కాఫీ తాగుతావా? కప్పు దేంతో పట్టుకుందామని?"

"తప్పే. నిన్న నా చెయ్యి చూసుకుని రాత్రంతా నిద్రపోలేదు. పడవలు కట్టకుండా నేను బతకలేను యోరున్. కాఫీలు వద్దు. నన్ను పేషెంటుగానే చూడు." కుడిచెయ్యి చాచాడు. అది చాచడానికి ఎంత కష్టమైందో అతనికే తెలుసు.

యోరున్ ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు రెండూ కోటు జేబుల్లో దాచేసుకుంది.

"నేను చూడను."

ఔదున్ మొహం మాడిపోయింది. ఇంత అసహ్యించుకుంటుందని అతను అనుకోలేదు.

"అవతలి ఒడ్డున ఆసుపత్రిలో ఓద్వార్ అని ఒకాయన ఉన్నాడు. రేపు పొద్దున్నే ఫెర్రీ ఎక్కి వెళ్ళు. ఆపరేషన్ అక్కడే, కుట్లు విప్పడం అక్కడే, ఆ తర్వాత థెరపీ కూడా అక్కడే. ఆయనకి గుబురు గడ్డం, నోరు విప్పి మాట్లాడడు. నువ్వు ప్రేమలో పడే ప్రమాదం లేదు."

"నువ్వెందుకు చూడవు?"

"ఎందుకేమిటి, మొద్దూ! ఇప్పటిదాకా నేను నీ చెయ్యి పరీక్ష చెయ్యలేదు. ఇప్పుడు చేస్తే నువ్వు నా పేషెంటువి. చేస్తానా?" కళ్ళలో నీళ్ళో వానో, తుడుచుకుంది. "రేపు మా ఆరోగ్యకేంద్రం పెద్దావిడకి జరిగిందంతా చెప్పి చివాట్లు తింటాను. అది నా గొడవ. నువ్వు ఫెర్రీ ఎక్కు."

ఔదున్‌కి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక, చాచిన కుడిచెయ్యి గబుక్కున వెనక్కి దాచేసుకున్నాడు.

వంటింటి కిటికీ తెరుచుకుంది. "అమ్మాయీ, తిట్టడం అయ్యాక వాణ్ణి లోపలికి తీసుకురా! నా చేతుల్లో బలం లేదన్నాడుగా, నేనూ నాలుగు తగిలించాలి. నిన్ను మాత్రం ఈ పూట తినకుండా పంపేది లేదు. రేపట్నుంచి నీ ఇష్టమొచ్చినప్పుడు రా, అడక్కుండా రా!" కిటికీ మూసుకుంది.

యోరున్‌కి నవ్వాగలేదు.

"ఆ ఎడమ చేతికి తిమ్మిరి ఉందా?"

"లేదు."

"నొప్పి?"

"అసలు లేదు."

"ఎవరికైనా చూపించాలా?"

"ఎందుకు? దానికేం జబ్బు లేదుగా."

"అయితే దానికి రూలు లేదు," అని ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని లోపలికి నడిచింది.